పిల్లల టీముకు పేరేం పెడదాం?

పోయిన దీపావళి సెలవుల్లో మా చిన్నది అడిగింది: "అమ్మా, మనం గూడ ఒక టీం పెట్టుకుందామా? కాక ఫోన్ల పెట్టేటోడు గద, గసోంటిది."

నా చేతిలో బీడీ ఆకు చేతిలోనే ఉండిపోయింది.

మాది సోలాపూర్. అశోక్ చౌక్ దగ్గర వాడ. మా ఆయన చద్దర్ల కార్ఖానాలో సాంచాలు నడుపుతారు. నేను బీడీలు చుడతాను. పెద్దోడు ఏడో తరగతి, చిన్నది అయిదు. పిల్ల 'కాక' అన్నది మా మరిదిని.

ఆ ఫోన్ ఆట చాలా ఇళ్ళల్లో ఎరికే. ఆ రోజు మ్యాచిలో ఆడే రెండు జట్ల నుంచి పదకొండు మందిని ఏరుకుని మన సొంత టీము కట్టుకోవాలి. వాళ్ళు నిజంగా కొట్టిన పరుగులకు, తీసిన వికెట్లకు మనకు పాయింట్లు. ఒకరిని కెప్టెన్ చేస్తే ఆ ఒక్కరి పాయింట్లు రెండింతలు. ఇంతవరకు ఆటే. ఎంట్రీ అని డబ్బు కట్టించుకోవడంతో కథ మారుతుంది. మా మరిది 49 రూపాయలతో మొదలుపెట్టాడు. ఒకరోజు 1,200 వచ్చాయి. ఇంటిల్లిపాదికీ జిలేబీ తెచ్చాడు. ఆ జిలేబీయే మా కొంప ముంచింది. తర్వాత వారం పగార్ పోయింది. ఆ తర్వాత పైకప్పు రేకులు మార్చడానికి మా అత్తమ్మ బచత్ గట్‌లో తీసిన 30,000 పోయాయి. ఇంకా మూడు కిస్తులు మిగిలే ఉన్నాయి.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్ళకు శిక్ష లేదు. వాళ్ళను మోసపోయినవాళ్ళుగానే చట్టం చూస్తుంది. పెద్ద పెద్ద యాప్‌లు కూడా పైసల ఆటలు మూసుకున్నాయి. చట్టం వచ్చింది కానీ మా మరిది తల మాత్రం పైకి లేవలేదు. టీవీలో క్రికెట్ పెడితే లేచి బయటికి పోయేవాడు.

అందుకే పిల్ల అడగ్గానే "అద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను. పిల్ల మొహం చిన్నదైంది.

రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఒకటే మాటన్నారు: "పేకముక్కలతోటి ఇల్లు కట్టే పిలగాడు జూదగాడైతడా?"

నిజమే. టీము కట్టుకోవాలన్న ఆశ తప్పు కాదు. ఆ ఆశకు ధర కట్టి అమ్మడం తప్పు. మనం అద్దంటే పిల్లలు ఆ ఆశను వదిలెయ్యరు, దాచుకుంటారు. దాచుకున్నదాన్ని రేపు ఏదో ఒక ఫోన్ వెతుక్కుంటూ వస్తుంది. అదేదో మన కళ్ళముందే, కాగితం మీదే ఆడుకుంటే పోలా? తెల్లారి పిల్లను పిలిచి "సరే, పెట్టుకోండి" అన్నాను. నావి మూడు షరతులు. ఫోన్ ముట్టొద్దు. ఒక్క రూపాయి కూడా పందెం ఉండొద్దు. వాడలో ఎవరు వస్తామన్నా కలుపుకోవాలి.

సాయంత్రానికి నాలుగు టీములయ్యాయి. మా పెద్దోడిది ఒకటి, చిన్నదానిది ఒకటి, పక్కింటి వదిన కొడుకుది ఒకటి, ఎదురింటి అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటి. అప్పుడే మహిళల ప్రపంచ కప్పు మన దేశంలో జరుగుతోంది. పిల్లలకు కావలసినన్ని మ్యాచులు.

సింహం ఎక్కడుందిరా?

మొదటి రోజు పిల్లలు పెట్టుకున్న పేర్లు ఇవీ: సోలాపూర్ కింగ్స్, సోలాపూర్ లయన్స్, డేంజర్ బాయ్స్, పింక్ క్వీన్స్. అన్నీ టీవీలో విన్నవే, కొంచెం అటూ ఇటూ.

"మన వాడల సింహం ఎక్కడ చూసినవ్‌రా?" అని పక్కింటి పిల్లోణ్ణి అడిగాను.

"చెన్నైల ఉన్నదా మరి?" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు.

వాడు అన్నది సబబే. పేరు గొప్పగా ఉండాలని ఎవరైనా సింహాన్నో రాజునో తెచ్చుకుంటారు. కానీ ప్రపంచంలో బాగా పాతబడి నిలబడిన టీముల పేర్లు కొన్ని చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. అవి కార్మికుల పేర్లు.

ఇంగ్లండులో వెస్ట్‌హామ్ అని ఫుట్‌బాల్ టీముంది. 1895లో లండన్‌లో ఓడలు కట్టే కార్ఖానా పనివాళ్ళు పెట్టుకున్న టీము అది. ఈరోజుకీ దాని గుర్తు అడ్డంగా పెట్టిన రెండు సుత్తులే. ఓడ రేకులకు రివెట్లు కొట్టే సుత్తులు. అభిమానులు ఆ టీమును 'సుత్తులు' అనే పిలుస్తారు. ఆర్సెనల్ టీమును 1886లో ఫిరంగులు, తుపాకులు చేసే సర్కారు కార్ఖానా పనివాళ్ళు పెట్టారు. గుర్తు ఫిరంగి. మాంచెస్టర్ యునైటెడ్ మొదట రైలుపెట్టెల కార్ఖానా పనివాళ్ళ టీము. అమెరికాలో పిట్స్‌బర్గ్ ఉక్కు ఊరు, అక్కడి టీము పేరు స్టీలర్స్. దాని గుర్తు కూడా ఉక్కు పరిశ్రమ ముద్ర నుంచే వచ్చింది. గ్రీన్‌బే అనే చిన్న ఊరి టీముకు 1919లో మాంసం ప్యాకింగ్ కంపెనీ బట్టలకు డబ్బిచ్చింది. అందుకని టీము పేరు ప్యాకర్స్. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం ఉంది.

అంత దూరం ఎందుకు? మన దేశంలోనే పంజాబులో ఫగ్వాడా అనే ఊళ్ళో జేసీటీ అనే బట్టల మిల్లుకు ఫుట్‌బాల్ టీముండేది. 1996–97లో మొదటి జాతీయ లీగ్ గెలిచింది ఆ మిల్లు టీమే.

ఇవన్నీ పిల్లలకు కథలా చెప్పాను. చెప్పి ఒక పని పెట్టాను. "రేపు పొద్దుగాల లేచి వాడంతా తిరగండి. మన దగ్గర ఏమున్నయో చూడండి, ఏం వినబడుతదో వినండి. పది మాటలు రాసుకొని రండి. అండ్ల నుంచి పేరు తియ్యండి."

రాసుకొచ్చిన మాటలు చూస్తే నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. కండె, నాడె, బీము, చద్దర్, బీడీ కట్ట, మార్కండేయ గుడి గంట, జొన్నరొట్టె, పల్లీల చట్నీ, రంగునీళ్ళ మోరి, మేకపిల్ల. పక్కింటోడు డేంజర్ బాయ్స్ తీసేసి 'పల్లీ చట్నీ పవర్' అని పెట్టుకున్నాడు. సోలాపూర్ పల్లీ చట్నీ ఎంత కారమో తిన్నోళ్ళకు తెలుసు, ఆ పేరుకు అందరూ ఒప్పుకున్నారు. ఎదురింటి అక్కచెల్లెళ్ళు 'గుడిగంటలు' అన్నారు.

మా చిన్నది అంది: "నాది ఖట్‌ఖట్ లెవెన్."

అంటే సాంచాల చప్పుడు. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే నిద్రపోయింది. పండక్కి సాంచాలు ఆగితే దానికి నిద్ర రాదు.

"ఛీ, అదేం పేరు? తీసెయ్యి," అని పెద్దోడు కాగితం లాక్కున్నాడు. చింపబోయాడు. నేను ఆపాను. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు.

వెక్కిరింపు పేరు

పొద్దుపోయాక వాడి పక్కన కూచుని అడిగాను. గోడవైపు తిరిగి చెప్పాడు.

"స్కూల్ల మీటింగుకు బాపు వచ్చిండు గద. టీచర్ తోటి గట్టిగ మాట్లాడిండు. కొట్లాడుతున్నడు అనుకున్నరు అందరు. అప్పట్నుంచి పోరగాండ్లు నన్ను ఖట్‌ఖట్ అంటున్నరు."

ఇరవై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడ్డ మనిషికి చెవి సగమే పనిచేస్తుంది. తన మాట తనకే వినబడదు, అందుకని గట్టిగా మాట్లాడతాడు. మన ఇళ్ళల్లో ఇది లేని ఇల్లెక్కడ? పిల్లోడికి ఈ సంగతి తెలుసు. తెలిసినా సిగ్గుపడ్డాడు, సిగ్గుపడ్డందుకు మళ్ళీ బాధపడ్డాడు. పాపం చెల్లెలికి ఇదేమీ తెలియదు. ఆ చప్పుడు బాగుంటుందని పెట్టుకుంది.

ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. కాసేపటికి ఇంకో టీము కథ చెప్పాను. పిట్స్‌బర్గ్‌లోనే బేస్‌బాల్ టీము ఒకటుంది. 1891లో వాళ్ళు ఒక ఆటగాణ్ణి తీసుకుంటే అవతలి టీమువాళ్ళు 'ఇది దోపిడీ, మీరు ఓడదొంగలు' అని తిట్టారు. టీమువాళ్ళు తిట్టును పట్టుకుని తమ పేరే పైరేట్స్ అని పెట్టుకున్నారు. నూటముప్పై ఏళ్ళు దాటింది, ఇంకా అదే పేరు.

వాడు విన్నాడో లేదో. "నాది స్ట్రైకర్సే," అని దుప్పటి ముసుగేసుకున్నాడు. సరేనన్నాను. పేరు ఎవరిది వాళ్ళదే. పెద్దవాళ్ళం మనకు నచ్చిన పేరు పిల్లల నెత్తిన రుద్దితే అది మన టీమవుతుంది, వాళ్ళది కాదు. చిన్నదానితో కూడా పేరు మార్చమని చెప్పలేదు.

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు.

గడికో పోగు

పేరు తర్వాత గుర్తు. పిల్లలు దాన్ని 'లోగో' అంటారు. మొదట అందరూ ఒక్కటే తప్పు చేశారు. కాగితం నిండా బొమ్మలు. బ్యాటు, బంతి, వికెట్లు, కప్పు, మంట, నక్షత్రాలు, కింద పేరు, పైన ఇంకో పేరు. దగ్గర నుంచి బాగుంది, నాలుగడుగులు పోతే ఏమీ అర్థం కాదు.

ఆ ఆదివారం మా ఆయన ఇంట్లో ఉన్నారు. చిన్నది లెక్కల గ్రాఫ్ పుస్తకంలో గుర్తు గీస్తోంది. నాడె ఒకటి, దాని వెనక చప్పుడు గీతలు మూడు. ఆయన వంగి చూసి, "ఈ వంకర గీత చద్దర్ మీద రాదు బిడ్డా," అన్నారు. పిల్ల తలెత్తింది.

ఆయన పెన్సిల్ తీసుకున్నారు. కార్ఖానాలో డిజైన్ మాస్టర్ ముందు గ్రాఫ్ కాగితం మీదే గీస్తాడు. ఒక్కో గడి ఒక్కో పోగనుకోవాలి. నిండిన గడి దగ్గర ఒక రంగు పైకి వస్తుంది, ఖాళీ గడి దగ్గర ఇంకో రంగు. పాత జకార్డులో అయితే దాన్నిబట్టి అట్ట కార్డులకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇప్పుడు కొన్నిచోట్ల కంప్యూటర్ వచ్చింది, లెక్క మాత్రం అదే. గడిలో సగం నింపడం కుదరదు. అందుకని వంకర గీత ఏదైనా మెట్లు మెట్లుగానే వస్తుంది. గడులు చిన్నవైతే మెట్లు కనబడవు, పెద్దవైతే కనబడతాయి.

"చద్దర్ తెచ్చి తిరగెయ్యి," అన్నారు. పిల్ల తెచ్చింది. ముందువైపు ఎర్ర నేల మీద తెల్ల పువ్వు. వెనకవైపు తెల్ల నేల మీద ఎర్ర పువ్వు. రోజూ కప్పుకునే చద్దరే, పిల్లలు ఎప్పుడూ చూడలేదు. "రెండు రంగులల్ల మంచిగ కనబడితేనే గుర్తు. రెండు దిక్కులా కనబడాలె. అచ్చరాలు పెడితే ఎనక దిక్కు తిరగబడతయి, చూసుకో."

అప్పటికే పక్కింటోడు, ఎదురింటి పిల్లలు చుట్టూ చేరారు. పెద్దోడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నీదేం టీమురా?" అని ఆయన గట్టిగానే అడిగారు.

"స్ట్రైకర్స్."

"అంటే?"

"కొట్టేటోళ్ళు."

"మన సాంచాల నాడెను కొట్టేది ఏందో ఎరికేనా? పిక్కర్. పిక్కర్ కొడితే నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి పోతది. అటు పిక్కర్ కొడితే ఇటు వస్తది. ఆ దెబ్బకే చప్పుడు. స్ట్రైకర్ అంటే అదే కదరా."

పెద్దోడు మెల్లగా లోపలికి వచ్చి కూచున్నాడు. "పిక్కర్ ఎట్లుంటది? గియ్యి," అన్నాడు. ఇద్దరూ ఒక కాగితం మీద వంగి కూచున్నారు. ఆయన గట్టిగట్టిగా చెబుతున్నారు, వాడు "ఆఁ, ఆఁ" అంటున్నాడు. నేను ఆకు కత్తిరిస్తూ చూస్తున్నాను.

స్ట్రైకర్స్ పేరు మారలేదు. గుర్తు మాత్రం పిక్కరూ నాడే.

ఆ రోజు పిల్లలు నేర్చుకున్నవి మీ ఇంట్లోనూ పనికొస్తాయి:

ఒక గుర్తులో ఒకటే వస్తువు. ఎన్ని చెప్పాలనుకున్నా ఒకటే గియ్యాలి.

రెండు రంగులు చాలు. ఒకటి ముదురు, ఒకటి లేత.

అగ్గిపెట్టె అంత చిన్నగా గీసి చూడాలి. గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చూడాలి. రెండుచోట్లా పోల్చుకోగలిగితే గుర్తు కుదిరినట్టు.

టీవీ టీము గుర్తు కింద కాగితం పెట్టి దించొద్దు. అది ఇంకొకరిది.

చిన్న పిల్లలకు గియ్యడం రాకపోతే పాత పత్రికలో రంగు కాగితం కత్తిరించి అంటించొచ్చు. గ్రాఫ్ పుస్తకం, పెన్సిల్, గోందు. వేరే ఖర్చు లేదు.

మీ ఊళ్ళో ఏముంది?

ఇది చదివేవాళ్ళు అందరూ సోలాపూర్‌లో ఉండరు. బరంపురంలో ఉన్నవాళ్ళకు పట్టుచీర అంచు మీద గోపురాల్లాంటి కుంభం వరసలున్నాయి. గడుల కాగితం మీద గియ్యడానికి అంతకన్నా సులువైన గుర్తు లేదు. రాజపాళయం వాళ్ళకు నూలు మిల్లులున్నాయి, ఊరి పేరే పెట్టుకున్న తెల్ల వేటకుక్క ఉంది. బళ్ళారిలో ఇంటింటా జీన్స్ కుట్టే మిషన్లు. యానాంలో గోదావరి, పడవ. భివండిలో మా లాగే సాంచాలు. తెలుగు పేరు పెట్టాలా, మరాఠీదా, కన్నడదా అని కొట్లాడొద్దు. పిల్లలు వాడలో ఏ మాట అంటారో అదే మంచి పేరు. మా వాళ్ళ పల్లీ చట్నీ పవర్‌లో మూడు భాషలున్నాయి.

పాయింట్ల లెక్క

పదకొండు మందిని ఏరడం చిన్నపిల్లలకు కష్టం. మేము అయిదుగురితో ఆడాం. మ్యాచి మొదలయ్యేముందు ఒక్కో టీము రెండు జట్ల నుంచి అయిదుగురి పేర్లు రాసి, మడిచి, పోపుడబ్బాలో వెయ్యాలి. తర్వాత మార్చుకోవడం లేదు. పరుగుకు 1 పాయింటు, వికెట్‌కు 20. కెప్టెన్‌కు రెండింతలు. క్యాచులు కూడా పెట్టాం కానీ ఎవరు పట్టారో గుర్తుండక కొట్లాటలయ్యాయి, తీసేశాం. గెలిచినవాళ్ళ గుర్తు మరుసటి మ్యాచి దాకా మా తలుపు మీద ఉంటుంది. బహుమానం అదే.

ఏరడంలో పిల్లల బుద్ధి చూడాలి. స్మృతి మంధానా మన సాంగ్లీ పిల్ల అని ఒకరు, శ్రీ చరణి కడప జిల్లా పిల్ల, తెలుగుది అని ఒకరు. ఇద్దరూ మనోళ్ళే. చరణి ఆ కప్పులో 14 వికెట్లు తీసింది, ఊరికే మనదని తీసుకున్నదేం కాదు.

అక్టోబరు 30న సెమీఫైనల్. ఆస్ట్రేలియా 338 కొట్టింది. జెమీమా 127తో నాటౌట్‌గా నిలబడి గెలిపించింది. ఆ రాత్రి వాడంతా అరుపులు. మా మరిది బయటికి పోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

నవంబరు 2 ఆదివారం, నవీ ముంబైలో ఫైనల్. వాన వల్ల ఆలస్యంగా మొదలైంది. మన వాళ్ళు 298 కొట్టారు. షెఫాలీ వర్మ 87 కొట్టి, బౌలింగ్‌లో రెండు వికెట్లు కూడా తీసింది. సెమీస్‌లో 10 పరుగులే చేసిందని మా పిల్లలెవరూ ఆమెను కెప్టెన్ చెయ్యలేదు. గుడిగంటలు దక్షిణాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్‌ను తీసుకున్నారు. "శత్రువును తీసుకుంటారా?" అని పక్కింటోడి గొడవ. ఆమె 101 కొట్టేసరికి నోరు మూశాడు. మా చిన్నదాని కెప్టెన్ దీప్తి శర్మ. 58 పరుగులు, అయిదు వికెట్లు.

అర్ధరాత్రి అయింది. మన వాళ్ళు 52 పరుగులతో గెలిచారు. బయట పటాకులు, ఇంట్లో పాయింట్ల పంచాయితీ. దీప్తివి ఎన్ని? ఒకరు 158 అన్నారు, ఒకరు 216 అన్నారు. రెండింతలు దేనికి, పరుగులకా, వికెట్లకా, మొత్తానికా? నలుగురూ అరుస్తున్నారు. మా ఆయన గట్టిగా అరిచినా ఆగలేదు.

చిన్నది గుమ్మం వైపు తిరిగింది. "కాకా, నీకు వచ్చు గద. నువ్వు చెయ్యి లెక్క."

ఇల్లు ఒక్కసారి నిశ్శబ్దమైంది. మా అత్తమ్మ నా మొహం చూసింది. మరిది కూడా నన్నే చూశాడు. ఆ ఆటకు మళ్ళీ దగ్గరికి రానివ్వడమా అని నాకూ గుండె కొట్టుకుంది. అబద్ధం చెప్పను, భయమే వేసింది. కానీ అక్కడున్నది పెన్సిలు, కాగితం, పోపుడబ్బా. ఆయనకు తెలిసిన పని పిల్లల ముందు చెయ్యమని పిల్లే అడిగింది. బీడీల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీ తీసి పెన్సిల్ ఇచ్చాను.

ఆయన కింద కూచున్నాడు. "మొత్తానికి రెండింతలు. 58, అయిదు వికెట్లకు వంద, కలిపి 158. డబల్ చేస్తే 316." నాలుగు టీములవీ గీతలు కొట్టి రాశాడు. తన పైసల లెక్క ఎప్పుడూ అంత శుభ్రంగా రాయలేదు. ఖట్‌ఖట్ లెవెన్ గెలిచింది. తలుపు మీద గుర్తు అంటించింది పెద్దోడు. చెల్లెలికి చెయ్యి అందలేదు మరి.

ఇంకా మూడు కిస్తులున్నాయి, కట్టాలి. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలాంటి ఆటల్లో పడి తల దించుకుని తిరుగుతుంటే, తిట్టింది చాలు, కూచోబెట్టి మాట్లాడండి. మాట బయటికి రాకపోతే టెలీమానస్ అని సర్కారు ఫోన్ ఉంది, నంబరు 14416. పైసలు అడగరు, తెలుగులో కూడా మాట్లాడతారు.

వచ్చే సెలవులకు పిల్లలతో టీములు పెట్టండి. పేరు కోసం ముందు వాడలో ఒక చుట్టు తిరిగి రమ్మనండి. మీ వాళ్ళు ఏ పేరు తెచ్చారో ఈ పత్రికకు రాయండి. చదవాలని మా వాళ్ళు ఎదురుచూస్తున్నారు.